పాత సైనిక రైఫిల్ మొదటిసారి కొంటున్నారా? తక్కువ ఖర్చులో ఇలా ఎంచుకోండి

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది: "యుద్ధకాలపు రైఫిల్ ఒకటి సేకరణ కోసం కొనాలని ఉంది. ఎక్కువ పెట్టలేను. దేనితో మొదలుపెట్టాలి?" విడివిడిగా జవాబులు రాసి రాసి, ఇప్పుడు అంతా ఒకచోట పెడుతున్నాను. చరిత్ర తక్కువ చెబుతాను. కొట్టులో బల్ల ముందు నిలబడినప్పుడు మీకు పనికొచ్చేవే ఎక్కువ చెబుతాను.

ఇది అమెరికాలో నివసించేవారి కోసమే. భారత చట్టంలో త్రీ నాట్ త్రీ, 7.62 మిల్లీమీటర్ల సైనిక రైఫిళ్లు నిషిద్ధ బోరు కిందకు వస్తాయి. అక్కడ ఈ సేకరణ సామాన్యులకు సాధ్యం కాదు. ఇక్కడ కొన్నది అక్కడికి తీసుకువెళ్లే ఆలోచన కూడా పెట్టుకోకండి.

కావలసినవి

మొత్తం ఖర్చుకు ఒక హద్దు పెట్టుకోండి. నేను వెయ్యి డాలర్లు అనుకోమంటాను. అందులో రైఫిల్‌కు 600 మించనివ్వకండి. మిగిలినది తూటాలకు, తాళం వేసే పెట్టెకు, తనిఖీకి, శుభ్రం చేసే సామానుకు కావాలి. ఉన్నదంతా రైఫిల్‌కే పోసి, తర్వాత దాన్ని దుప్పట్లో చుట్టి అలమరలో దాచినవారు నాకు చాలామంది తెలుసు.

కొనడానికి వెళ్లేటప్పుడు చేతిలో ఉండాల్సినవి: రైఫిల్ గొట్టం (బ్యారెల్) లోపలికి వెలుగు పంపే చిన్న దీపం, పొడి గుడ్డముక్కలు, మీరు చూడబోయే రైఫిల్ కొలతకు సరిపోయే డమ్మీ తూటా (మందు, దాన్ని అంటించే ప్రైమర్ రెండూ లేనిది), ఒక నోటు పుస్తకం. అసలు తూటాను కొట్టులోకి గానీ ప్రదర్శనలోకి గానీ తీసుకువెళ్లకండి.

1. ముందు మీకు అర్హత ఉందో లేదో తేల్చుకోండి

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అందుకే దీన్ని మొదట పెట్టాను.

హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 వంటి వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. కొన్ని మినహాయింపులున్నాయి. అమెరికాలోని ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం వాటిలో ముఖ్యమైనది. ఆ గడువు దాటిన రోజునుంచి మినహాయింపు ఉండదు. గ్రీన్ కార్డు ఉన్నవారు ఫెడరల్ చట్టం ప్రకారం కొనుక్కోవచ్చు. వీసా మీద ఉండి మినహాయింపును నమ్ముకుని కొనాలనుకుంటే, కొనే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని ఒకసారి అడగండి. ఆ ఫీజు వృథా కాదు.

ఇంట్లో అందరి హోదా ఒకటే కాకపోవచ్చు. మీకు గ్రీన్ కార్డు ఉండి, చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు సందర్శకుల వీసా మీద ఉంటే, పెట్టె తాళం మీ దగ్గరే ఉండాలి. సరదాకు ఫొటో కోసమని కూడా రైఫిల్ వారి చేతికివ్వకండి.

"నా మిత్రుడు పౌరుడు, అతని పేరు మీద కొనిపించుకుంటాను" అని ఒకరు అడిగారు. అది నేరం. దుకాణంలో నింపే 4473 ఫారంలో అసలు కొనుగోలుదారు ఎవరన్నది సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే జైలుశిక్ష పడవచ్చు, వలస హోదా కూడా పోవచ్చు. గంజాయి మీ రాష్ట్రంలో చట్టబద్ధమే అయినా, ఫెడరల్ చట్టం దాన్ని వాడేవారిని తుపాకీ కొననివ్వదు. ఆ ప్రశ్న కూడా ఆ ఫారంలో ఉంటుంది.

తర్వాత మీ రాష్ట్రం. న్యూజెర్సీలో కొనుగోలుదారు గుర్తింపు కార్డు, ఇల్లినాయ్‌లో ఫాయిడ్ (తుపాకీ యజమాని గుర్తింపు) కార్డు ముందే తీసుకోవాలి. కాలిఫోర్నియాలో డబ్బు కట్టిన తర్వాత కూడా పది రోజులు ఆగాలి. టెక్సస్‌లో ఉన్న స్నేహితుడి అనుభవం మీకు వర్తించదు. మీ రాష్ట్ర ప్రభుత్వ సైటులోనే చూసుకోండి.

సేకరణ కొనసాగించాలన్న ఉద్దేశం ఉంటే, 21 ఏళ్లు నిండినవారు 03 రకం ఫెడరల్ లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. మూడేళ్లకు 30 డాలర్లు. కనీసం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న తుపాకులను దీనితో వేరే రాష్ట్రాల నుంచి కూడా నేరుగా తెప్పించుకోవచ్చు, మీ రాష్ట్రం ఒప్పుకుంటే. కొన్నవీ అమ్మినవీ ఒక పుస్తకంలో నమోదు చేయాలి. లాభం కోసం కొని అమ్మే వ్యాపారానికి ఇది పనికిరాదు. ఒక్క రైఫిల్ చాలనుకుంటే ఈ లైసెన్సు అవసరం లేదు, మామూలు దుకాణం సరిపోతుంది.

2. రైఫిల్ కంటే ముందు తూటాల ధర చూడండి

రైఫిల్ ధర ఒకసారి ఇస్తారు, తూటాల ధర కాల్చిన ప్రతిసారీ ఇస్తారు. మనసుపడిన రైఫిల్ ఏ తూటా తింటుందో రాసుకుని, ఆ తూటాలు రెండు మూడు చోట్ల దొరుకుతున్నాయా, ఒక్కొక్కటి ఎంత పడుతోంది అని ఒక వారంపాటు చూడండి. సెర్బియాలోని ఊజిత్సే పట్టణంలో ఉన్న ప్రవీ పార్టిజాన్ కర్మాగారం ఈ పాత కొలతలన్నిటికీ కొత్త తూటాలు చేస్తోంది. మన అభిరుచిని చాలావరకు నిలబెడుతున్నది అదే. రష్యా తూటాల దిగుమతిపై 2021లో అమెరికా ఆంక్షలు పెట్టింది. రష్యా రైఫిల్ మోసిన్ గురించి "మోసిన్ తూటాలు మట్టిధరకు దొరుకుతాయి" అని పాత పుస్తకాల్లో ఉన్న మాట ఇప్పుడు చెల్లదు.

కాల్చకుండా కేవలం గోడకు పెట్టుకునేవారు ఈ అంచె వదిలేయవచ్చు. కానీ అలా మొదలుపెట్టినవారు కూడా ఏడాదిలో ఒక్కసారైనా కాల్చి చూడాలనుకుంటారు.

3. ఏ రైఫిల్?

మోసిన్ నాగాంట్ 91/30. అందరూ మొదట చెప్పే పేరు ఇదే. 1891లో రష్యా సైన్యం తీసుకున్న రైఫిల్‌కు 1930లో చేసిన సవరణ. తూలా, ఇజెవ్‌స్క్ కర్మాగారాల్లో కోటికి పైగా తయారయ్యాయి. 2010 ప్రాంతంలో వంద డాలర్ల లోపే దొరికేది. ఇప్పుడు దానికి ఎన్నో రెట్లు పలుకుతోంది కాబట్టి, చవక అన్న ఒక్క కారణంతో దీన్ని కొనాల్సిన రోజులు పోయాయి. అయినా గట్టిది, సులువుగా విప్పి బిగించవచ్చు. కొనేవారు ఒకటి గుర్తుంచుకోండి. యుద్ధం తర్వాత సోవియట్ ఆయుధాగారాల్లో వీటిని విప్పి, భాగాలు కలిపి, వాటి మీది పాత సీరియల్ అంకెలు కొట్టేసి కొత్తవి చెక్కారు. సన్నని విద్యుత్ కలంతో గీసినట్టున్న అంకె కనిపిస్తే అది ఆ మరమ్మతు గుర్తు. అది లోపం కాదు. కానీ "అన్ని అంకెలూ అసలువే" అని చెప్పి ఎక్కువ అడిగితే ఇవ్వకండి. ఫిన్లాండ్ వాళ్లు రష్యా రైఫిళ్ల మధ్యభాగాలకు (బోల్టు కదిలే రిసీవర్‌కు) తమ గొట్టాలు బిగించి చేసిన ఎం39 దీనికంటే చాలా మేలైనది, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.

యుగోస్లావియా ఎం48. ఏమీ తెలియకుండా మొదలుపెట్టేవారు నన్ను ఒక్క పేరు చెప్పమంటే ఇదే చెబుతాను. క్రాగుయెవాత్స్‌లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత తయారైన, జర్మన్ మౌజర్ నమూనా రైఫిల్ ఇది. చాలా వాటిని గ్రీజు పూసి గిడ్డంగుల్లో దాచారు. అందుకే గొట్టాలు బాగుంటాయి, బోల్టు (తూటాను లోపలికి తోసి వెనక మూసే కడ్డీ), మధ్యభాగం, కొయ్య మీద అంకెలు కలిసే అవకాశం ఎక్కువ. 8 ఎంఎం మౌజర్ తూటా వాడుతుంది. జర్మన్ మౌజర్ కె98కె బోల్టు దీనికి సరిపోదు, దీని మధ్యభాగం కొంచెం పొట్టి. 24/47 అని రాసి ఉంటే అది పాత రైఫిల్‌ను యుద్ధం తర్వాత బాగుచేసినది. దాని గొట్టాన్ని మరింత శ్రద్ధగా చూడాలి.

లీ ఎన్‌ఫీల్డ్ (బ్రిటిష్ సైన్యపు రైఫిల్), ముఖ్యంగా ఇషాపూర్. ఇక్కడ కాస్త ఆగుతాను. బందోబస్తులో నిలబడ్డ కానిస్టేబుల్ భుజాన, ఎన్‌సీసీ కవాతులో మనం చూసిన త్రీ నాట్ త్రీ ఈ కుటుంబంలోదే. కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ కర్మాగారంలో తయారైన రైఫిళ్లు సైనిక మిగులు సరుకుగా (సర్ప్లస్) అమెరికాకు కూడా చేరాయి. బట్ (భుజానికి ఆనించే కొయ్య) దగ్గర సన్నబడే చోట ఇనుప పట్టీ చూడండి. కిరీటం కింద జి.ఆర్.ఐ. అని ఉంటే స్వాతంత్ర్యానికి ముందుది. మూడు సింహాలు కనిపిస్తే తర్వాతది. ఒక అమెరికన్ కొట్టులో అరలో దుమ్ముపట్టి ఉన్న రైఫిల్ మీద అశోకుడి సింహాలు మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

1960లలో ఇషాపూర్‌లో ఇదే నమూనాను 7.62 నాటో తూటాకు మార్చి 2ఏ, 2ఏ1 పేర్లతో చేశారు. పాత త్రీ నాట్ త్రీ (ఎస్ఎంఎల్ఈ) మధ్యభాగాన్ని సాగదీసి వాడలేదు, మెరుగైన ఉక్కుతో కొత్తగా చేశారు. 12 తూటాల, మూలలు తేలిన మ్యాగజైనే (తూటాల పెట్టె) దీని ఆనవాలు. వెనక సైటు 2000 మీటర్ల దాకా ఉంటే 2ఏ, 800 దాకా ఉంటే 2ఏ1. తూటా తేలికగా దొరుకుతుంది. వేటకు అమ్మే .308 తూటాల్లో బరువైనవీ ఒత్తిడి ఎక్కువున్నవీ వద్దు. 7.62 నాటో ప్రమాణంలో చేసిన, 147 నుంచి 150 గ్రెయిన్ల (ఇది బరువు కొలత) గుండున్నవి వాడండి. తెలుగువారికి నా రెండో సిఫారసు ఇదే. మనసు మాట అడిగితే మొదటిదీ ఇదే.

భారత రైఫిళ్లలో మూడింటిని పక్కన పెట్టండి. కొయ్యమీద డి.పి. అని ముద్ర ఉంటే అది కవాతుకు మాత్రమే, కాల్చడానికి కాదు. ముందు కొయ్యకు రాగి తీగ గట్టిగా చుట్టి ఉంటే అది గ్రెనేడ్లు విసరడానికి వాడినది. .410 మస్కెట్‌గా (చాళ్లు లేని నున్నని గొట్టం తుపాకీగా) మార్చినది సేకరణకు ముచ్చటైనదే, కానీ మొదటి కొనుగోలు కాదు. గొట్టం కోసి "జంగిల్ కార్బైన్" అని అమ్మే 2ఏ1లు దిగుమతిదారులు అమెరికాలో చేయించినవి. వాటికి సేకర్తల దగ్గర విలువ లేదు.

స్విస్ కె31 పనితనానికి చేయెత్తి మొక్కాలి. బోల్టు తిప్పే పని లేదు, నేరుగా వెనక్కి లాగితే చాలు. బట్ చివర ఇనుప పలక విప్పితే, కొన్నిటిలో ఆ రైఫిల్ మోసిన సైనికుడి పేరు, ఊరు రాసిన చీటీ ఇంకా ఉంటుంది. ధర మన హద్దుకు పైనే. కార్కానో ఇటలీది, చవక. కానీ ఆరు తూటాలు పట్టే దాని ప్రత్యేక క్లిప్పు లేకపోతే మ్యాగజైను పనిచేయదు. క్లిప్పులు లేకుండా కొని తలపట్టుకునేవారు ప్రతి ఏడూ కనిపిస్తారు.

అమెరికా ఎం1 గరాండ్ కావాలంటే అలబామాలోని అనిస్టన్‌లో ఉన్న, పౌరులకు పాత సైనిక రైఫిళ్లు అమ్మే సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం నమ్మకమైన చోటు. పౌరసత్వం వచ్చాక చూసుకోండి, రెండో మూడో కొనుగోలుగా.

ఎంత చవకగా వచ్చినా వద్దనేవి: సీరియల్ నంబరు 8,00,000 లోపున్న స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారపు అమెరికా 1903 నమూనా రైఫిల్, 2,85,507 లోపున్న రాక్ ఐలండ్ 1903 (ఉక్కును కాల్చిన పద్ధతి లోపంవల్ల కొన్ని పెళుసుగా ఉండి పగిలాయి), శిక్షణ కోసమే చేసిన జపాన్ రైఫిళ్లు, అవి అసలు తూటాను తట్టుకోలేవు, పాత 1893 తరహా మౌజర్‌ను 7.62కు మార్చిన స్పెయిన్ 1916 రైఫిళ్లు.

ఇక వేటకోసం కొయ్య కోసి, పైన దూరదర్శినికి రంధ్రాలు వేసిన రైఫిళ్లు. సగం ధరకే వస్తాయి. కోసిన కొయ్యను తిరిగి తేవచ్చు, ఉక్కులో వేసిన రంధ్రాన్ని పూడ్చలేం. అసలు రూపం పోయినదానికి సేకరణ తుపాకీ హోదా కూడా పోతుంది. నేర్చుకోవడానికి మొదటి రైఫిల్ చెక్కుచెదరనిదై ఉండాలి. ముద్రలు, అంకెలు, కొయ్య చెప్పేది చదవడమే ఈ సేకరణలో సగం ఆనందం. కోసేసిన దానిలో చదవడానికి ఏమీ మిగలదు.

4. ఎక్కడ కొనాలి

మొదటిది చేత్తో పట్టుకుని చూసి కొనండి. ఊళ్లో తుపాకుల కొట్టు, ప్రదర్శన, పాత సేకర్త ఇంట్లో జరిగే అమ్మకం, ఏదైనా సరే. అంతర్జాల వేలంలో కొనక తప్పకపోతే గొట్టం లోపలి ఫొటో, మూతి (గుండు బయటికొచ్చే కొన) దగ్గరి ఫొటో, ప్రతి అంకె ఫొటో అడగండి. పంపనివారి దగ్గర కొనకండి. మూడురోజుల్లో తిరిగిచ్చే వీలుందా అని రాతపూర్వకంగా తెలుసుకోండి.

5. బల్ల ముందు పది నిమిషాలు

ఈ వరుసలోనే చూడండి. అందం చివరకు.

అనుమతి అడగండి. మూతిని మనుషులు లేని వైపు పెట్టి, బోల్టు తెరిచి, చాంబర్‌లోకి (తూటా కూర్చునే చోటులోకి) కళ్లతో చూసి, వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోండి. కొట్టువాడు ఇప్పుడే చూశాడన్నా సరే, మీరు మళ్లీ చూడండి.

గొట్టం. చాంబర్ వైపు దీపం పెట్టి మూతి నుంచి చూడండి. గొట్టం లోపలి చాళ్ల (గాడుల) అంచులు పదునుగా, మెలిక తిరుగుతూ స్పష్టంగా కనిపించాలి. నల్లగా ఉంటే కంగారుపడకండి, అది జిడ్డో మసో కావచ్చు. అనుమతితో ఒక గుడ్డముక్క పోనిచ్చి మళ్లీ చూడండి. నలుపు పోయి చాళ్లు మెరిస్తే బేరానికి మంచి అవకాశం. నలుపు పోయి గుంతలు కనిపిస్తే దించి పెట్టేయండి. గ్రీజు నిండి ఏమీ కనిపించకపోతే, తుడవనివ్వకపోతే, కొనకండి.

మూతి. ఇక్కడే నేను మోసపోయాను. మొదటి మోసిన్‌ను ఒక ప్రదర్శనలో, దీపాల కింద మెరుస్తున్న కొయ్య చూసి కొన్నాను. యాభై గజాల దూరంలో గుండ్లు భోజనం పళ్లెమంత మేర చెదిరాయి. సైనికులు మూతి వైపు నుంచి కడ్డీ పోనిచ్చి ఏళ్ల తరబడి తోమి తోమి చాళ్లు అరిగిపోయాయి. దీన్ని పట్టుకోవడం తేలిక. డమ్మీ తూటా కొనను మూతిలో పెట్టండి. గుండు కొంతదూరం వెళ్లి ఆగి, ఇత్తడి గొట్టం అంచుకూ మూతికీ మధ్య ఖాళీ కనిపించాలి. ఇత్తడి వెళ్లి మూతికి తగిలిందంటే అరిగిపోయినట్టే. ఒక మినహాయింపు ఉంది. కొన్ని మోసిన్లలో అరిగిన చోటును లోపల వెడల్పుగా తొలిచి బాగుచేశారు. దీపం వేస్తే మూతి లోపల మెట్టులా కనిపిస్తుంది. వాటికి ఈ పరీక్ష పనిచేయదు, అవి బాగానే కాలుస్తాయి కూడా.

అంకెలు. బోల్టు, మధ్యభాగం, మ్యాగజైను అడుగు, బట్ పలక మీద ఉన్నవన్నీ నోటు పుస్తకంలో రాసుకోండి. అన్నీ కలవకపోతే ధర తగ్గాలి. బోల్టు ఒక్కటే కలవకపోతే 7వ అంచెలోని కొలత చూడకుండా కాల్చకూడదు. దిగుమతిదారు ముద్ర గొట్టం మీద కనిపిస్తే దిగులుపడనక్కర్లేదు. చట్టం ప్రకారం వేసిందే అది.

తుప్పు. గోధుమరంగులో గట్టిపడినది పాతది, నిలిచిపోయినది. ఎర్రగా పొడిలా వేలికి అంటేది ఇప్పుడు తింటున్నది. కొయ్యకూ ఉక్కుకూ కలిసే గీత వెంబడి చూడండి. అక్కడ గుంతలుంటే కొయ్య కింద ఇంకా ఎక్కువ ఉంటాయి.

కొయ్య. సైన్యం బిగించినప్పుడు కొయ్య ఉక్కుకంటే రవ్వంత ఎత్తుగానో సమానంగానో ఉంటుంది. ఉక్కు పైకి తేలి కొయ్య లోపలికి ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దేశారని అర్థం. అంచులు గుండ్రంగా, ముద్రలు మసకగా ఉండటం కూడా అదే చెబుతుంది. చిన్న దెబ్బలు, గీతలు మంచివే, అవి సేవ చేసిన గుర్తులు. పట్టు దగ్గర, బోల్టు వెనక చీలికలు మంచివి కావు.

చివరగా పనితీరు. ఖాళీ రైఫిల్‌లో సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి వదలండి. తర్వాత సేఫ్టీ తీయండి. ఆ తీసినప్పుడు పిన్ను (తూటాను పేల్చే సూది) కొట్టుకుంటే ప్రమాదకరమైన అరుగుదల ఉంది.

"ఇది స్టాలిన్‌గ్రాద్‌లో పోరాడింది", "మా తాత జర్మన్ అధికారి దగ్గర లాక్కున్నాడు" వంటి మాటలకు కాగితం ఉంటేనే విలువ. ముచ్చటగా వినండి, డబ్బు మాత్రం ఉక్కుకూ కొయ్యకూ ఇవ్వండి.

6. ఇంటికి తెచ్చాక జిడ్డు తీయడం

కాస్మొలీన్ అనే గోధుమరంగు గ్రీజు పూసి ఉంటే పూర్తిగా విప్పి, ఉక్కు భాగాలను ఆరుబయట మినరల్ స్పిరిట్స్‌లో నానబెట్టి తుడవండి. చేతి తొడుగులు వేసుకోండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. పెట్రోలు వాడకండి. కొయ్యను కాగితంలో చుట్టి, నల్ల ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఎండలో ఉంచితే గ్రీజు కరిగి కాగితానికి పడుతుంది. రెండు మూడు రోజులు కాగితం మారుస్తూ చేయండి. ఓవెన్‌లో పెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, కొత్త వార్నిష్ పూయడం, మూడూ విలువను చంపేస్తాయి. విప్పే ముందు ప్రతి అడుగుకూ ఫోనులో ఫొటో తీసుకోండి.

చాంబర్‌ను రెండుసార్లు తోమండి. "నాలుగు తూటాల తర్వాత మోసిన్ బోల్టు కదలడం లేదు, సుత్తితో కొట్టాల్సి వస్తోంది" అన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం, చాంబర్‌లో మిగిలిన గ్రీజు వేడికి కరిగి ఇత్తడిని పట్టేయడమే. సరిగ్గా పోయిందా అన్నది తెలియాలంటే తెల్ల గుడ్డను చాంబర్‌లో గట్టిగా తిప్పి తీయండి. గోధుమరంగు అంటకూడదు.

7. కాల్చేముందు కొలత, కాల్చాక ఇత్తడి

బోల్టు మూసినప్పుడు తూటాకు ఎంత ఖాళీ ఉందో చెప్పే కొలత హెడ్‌స్పేస్. ఆ ఖాళీ ఎక్కువైతే ఇత్తడి పగిలి వేడి వాయువు ముఖం మీదికి రావచ్చు. గేజీలున్న తుపాకుల మెకానిక్ దగ్గర కొద్దిపాటి ఖర్చుతో చూపించండి. లీ ఎన్‌ఫీల్డ్‌లో నం.4 అనే తర్వాతి నమూనాకు 0 నుంచి 3 దాకా అంకెలున్న బోల్టు తలలు మార్చి దీన్ని సరిచేయవచ్చు. మిగతావాటిలో అంత తేలిక కాదు.

మొదటి రోజు పర్యవేక్షణ ఉన్న షూటింగ్ రేంజికే వెళ్లండి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. తూటా ఒక్కొక్కటే పెట్టండి. నొక్కినా పేలకపోతే మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలవచ్చు.

కాల్చిన ప్రతి ఇత్తడి గొట్టాన్నీ తీసి చూడండి. అడుగుకు కొంచెం పైన చుట్టూ మెరిసే గీత కనిపించినా, మెడ నిలువుగా చీలినా, ప్రైమర్‌కు రంధ్రం పడినా ఆపేసి మెకానిక్ దగ్గరకు వెళ్లండి. త్రీ నాట్ త్రీలో ఇత్తడి కాస్త ఉబ్బడం మామూలే. వాటి చాంబర్లు బురదలో కూడా పనిచేయాలని వదులుగా చేశారు.

వంద గజాల దూరంలో అయిదు గుండ్లు నాలుగైదు అంగుళాల లోపు పడితే మంచి రైఫిల్ దొరికినట్టే. అన్నీ లక్ష్యానికి పైన పడుతున్నాయని కంగారుపడకండి. ఎం48 సైటు 200 మీటర్ల దగ్గర మొదలవుతుంది. మోసిన్‌ను బయొనెట్ బిగించి ఉంచి సరిచేశారు. అక్కడ చేసే పెద్ద తప్పు ముందు సైటును అరగదీయడం. దాన్ని అరగదీస్తే గుండు ఇంకా పైకి పోతుంది. లక్ష్యానికి కాస్త కింద గురిపెట్టండి, అంతే.

8. అదే రోజు శుభ్రం

సైన్యాల కోసం చేసిన పాత తూటాల ప్రైమర్లు కాలినప్పుడు ఉప్పు మిగులుస్తాయి. అది గాలిలో తేమను లాగి రాత్రికి రాత్రే గొట్టాన్ని తినేస్తుంది. డబ్బా మీద ఏమని రాసి ఉన్నా, పాత సైనిక తూటాలన్నిటినీ ఇలాంటివిగానే చూడండి. నూనె ఉప్పును కరిగించదు, నీరే కరిగిస్తుంది. గరాటుతో చాంబర్ వైపు నుంచి వేడినీళ్లు పోసి, గుడ్డముక్కలతో పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు నూనె పట్టించండి. బోల్టు ముఖాన్నీ పిన్నునూ మరవకండి. మర్నాడు ఒకసారి, మూడోరోజు ఒకసారి తెల్ల గుడ్డ పోనివ్వండి. నారింజ రంగు అంటితే మొత్తం మళ్లీ చేయండి. కొత్తగా తయారైన ప్రవీ పార్టిజాన్ తూటాలకు ఇంత శ్రమ అవసరం లేదు.

9. దాచడం, రాసుకోవడం, ప్రయాణాలు

తాళం వేసిన పెట్టెలో రైఫిల్, వేరే చోట తాళంలో తూటాలు. పిల్లలున్న ఇంట్లో బోల్టును కూడా విడిగా పెట్టండి. తేమ పీల్చే సంచులు వేసి నెలకోసారి మార్చండి. లోపల స్పాంజి ఉన్న మెత్తని సంచిలో ఎక్కువ రోజులు ఉంచితే తేమ పట్టి తుప్పొస్తుంది. నోటు పుస్తకంలో కొన్న తేదీ, ధర, ఎవరి దగ్గర, అంకెలన్నీ ఫొటోలతో ఉంచండి. దొంగతనం జరిగితే పోలీసులకు ఇవ్వాల్సింది ఈ అంకెలే.

రేంజికి తీసుకువెళ్లే సంచిని ఇక ఏ ప్రయాణానికీ వాడకండి. దాని మూలలో, జేబులో మిగిలిపోయిన ఒక్క తూటా శంషాబాద్ విమానాశ్రయపు తనిఖీలో బయటపడితే ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. ఇండియా టికెట్ చేతికి రాగానే, మీరు తీసుకువెళ్లే ప్రతి సంచినీ, ప్రతి కోటు జేబునూ తిరగేసి దులిపి చూడండి. కాల్చేసిన ఖాళీ ఇత్తడి గొట్టమైనా ఉండకూడదు.